ఇండోర్ బొన్సాయ్ ఆకులు రాలుస్తోంది, పక్కనే సక్యులెంట్ మెత్తబడుతోంది (బరంపురం)

కొత్తకుండీ (బరంపురం) · జూన్ 21, ఉదయం 7:12

అందరికీ నమస్కారం. లావు వేళ్ళు పైకి కనబడే ఫైకస్ (మర్రి జాతి చెట్టు) ఒకటి, "ఇండోర్ బొన్సాయ్" అని అమ్మేది. దాంతోపాటు రెండు సక్యులెంట్లు (కండగల ఆకుల మొక్కలు): గులాబీ పువ్వులా ఆకులు పేర్చినట్టుండేది ఒకటి, చిన్న గుండ్రటి ఆకుల జేడ్ ఒకటి. మూడో అంతస్తు ఫ్లాట్, హాల్లో టీవీ పక్కన, తూర్పు కిటికీకి 8 అడుగుల దూరం. రోజూ పొద్దున టీ గ్లాసు నీళ్ళు, సాయంత్రం స్ప్రే. మూడు వారాలైంది. ఫైకస్ రోజుకి పది పన్నెండు ఆకులు రాలుస్తోంది, వాటిలో పచ్చివీ ఉన్నాయి. పువ్వులాంటిదాని అడుగు ఆకులు నీళ్ళు నిండిన సంచుల్లా అయిపోయాయి. కుండీ పైన తెల్ల గులకరాళ్ళు జిగురుతో అతికించి ఉన్నాయి. నీళ్ళు చాలడం లేదా? ఎరువు వెయ్యాలా?

జువ్విమాను (జయపురం, కొరాపుట్ జిల్లా) · జూన్ 21, ఉదయం 8:05

ఎరువు వద్దు. నీళ్ళు ఆపెయ్యండి. ముందు మూడు చూసి చెప్పండి. కుండీ అడుగున రంధ్రం ఉందా? కాండాన్ని గోరుతో కొంచెం గీరితే లోపల ఆకుపచ్చగా ఉందా, గోధుమరంగా? మట్టి దగ్గర ముక్కు పెడితే వాసన ఎలా ఉంది?

కొత్తకుండీ (బరంపురం) · జూన్ 21, ఉదయం 8:40

పైది పింగాణీ కుండీ, రంధ్రం లేదండి. లోపల నల్ల ప్లాస్టిక్ తొట్టి ఉంది, దానికి రంధ్రాలున్నాయి. తొట్టి తీస్తే పింగాణీలో అంగుళం ఎత్తు నీళ్ళున్నాయి. గీరితే ఆకుపచ్చే. వాసన మాత్రం మురుగుకాలవ వాసన.

జువ్విమాను (జయపురం, కొరాపుట్ జిల్లా) · జూన్ 21, ఉదయం 9:30

చెట్టు బతికే ఉంది, వేళ్ళు ఊపిరాడక కుళ్ళుతున్నాయి. వేరుకి నీళ్ళతోపాటు గాలీ కావాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండిపోతే రెండు మూడు రోజుల్లోనే వేళ్ళ కొసలు చస్తాయి. చచ్చిన వేరు నీళ్ళు పీల్చదు కాబట్టి పైన ఆకు వాడుతుంది, వాడింది కదా అని మనం ఇంకో గ్లాసు పోస్తాం. కొత్తవాళ్ళ చేతిలో పోయే మొక్కల్లో ఎక్కువ పోయేది ఈ దారినే.

మీ దగ్గర రెండో కారణం కూడా ఉంది. నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరిగిన చెట్టుని ఒక్కసారిగా చీకటి మూలలో పెట్టారు. ఆ వెలుగుకి సరిపడా తయారైన ఆకులు ఇక్కడ ఖర్చేగాని రాబడి లేనివి, అందుకే ఫైకస్ వాటిని వదిలించుకుంటుంది. చోటు మార్చిన మొదటి నెలలో కొన్ని ఆకులు రాలడం ఈ జాతికి మామూలే. మురుగు వాసన మాత్రం మామూలు కాదు.

ఇవాళే చేయాల్సింది: జిగురు రాళ్ళు పెకలించి పారెయ్యండి. ఆ పలక నీళ్ళని ఓ పక్కకి జార్చేస్తుంది, మట్టి తడో పొడో కంటికి కనబడనివ్వదు కూడా. చెట్టుని తొట్టిలోంచి తీసి వేళ్ళ ముద్దని బకెట్ నీళ్ళలో అటూ ఇటూ ఆడించి పాత మట్టి అంతా కడగండి. తెల్లగా, లేత గోధుమరంగులో, గట్టిగా ఉన్న వేళ్ళు మంచివి. నల్లగా ఉండి లాగితే తొడుగు ఊడొచ్చి లోపల దారంలాంటిది మిగిలేవి పోయినవి. వాటిని స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో గట్టి భాగం దాకా కత్తిరించండి. మంచి వేళ్ళ జోలికి పోకండి, ఆరోగ్యంగా ఉన్న చెట్టుకి మూడోవంతు వేరు తీస్తాం, జబ్బుచెట్టుకి చెడింది తప్ప ఒక్కటీ తీయం. లావు వేళ్ళలో మెత్తటి మచ్చ తగిలితే లోపల తెల్ల కండ కనబడేదాకా చెక్కి, ఒకరోజు నీడలో ఆరనివ్వండి.

కోసినచోట పాలు కారతాయి, తడిగుడ్డతో అద్దితే ఆగుతాయి. కంట్లో పడకుండా చూసుకోండి.

కొత్తకుండీ (బరంపురం) · జూన్ 21, ఉదయం 9:52

మళ్ళీ ఏ మట్టిలో పెట్టాలి? ఇంట్లో నర్సరీ మట్టి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) ఇటుక ఒకటి ఉన్నాయి.

ఇటుకపొడి (బల్లార్‌పూర్) · జూన్ 21, ఉదయం 10:15

మట్టి అసలు వద్దండి. బొన్సాయ్ పుస్తకాల్లో అకడమా, ప్యూమిస్, లావా రాయి అని రాస్తారు. అకడమా జపాన్ బంకమట్టి గుళిక, తెప్పించుకుంటే చెట్టు కన్నా అదే ఖరీదు. మన వైపు పని జరిగేది ఎర్ర ఇటుక నలగ్గొట్టిన ముక్కతో. కొలత చెప్తాను.

కుండీ 8 అంగుళాల పొడవు, 5 వెడల్పు, రెండున్నర లోతు అనుకుందాం, లీటరున్నర పడుతుంది. పావు లీటరు స్టీలు గ్లాసుతో: ఇటుక ముక్క 3 గ్లాసులు, గరుకు ఇసుక 2, బాగా మాగిన వర్మీకంపోస్టు 1. వేపపిండి ఒకటిన్నర చెంచా. అయిపోయింది.

కిటుకంతా జల్లెడలో ఉంది. తాపీ పనివాళ్ళ ఇసుక జల్లెడలోంచి కిందికి పడాలి, ఇంట్లో గోధుమల జల్లెడ మీద నిలబడాలి. అంటే 2 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్య ముక్క. తర్వాత నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. ఆ దుమ్ము కడగకపోతే నెల తిరక్కుండా అడుక్కి దిగి రంధ్రం దగ్గర సిమెంటులా పట్టేస్తుంది. అప్పుడు ఎంత మంచి మిశ్రమమైనా ఒకటే.

మా చంద్రపూర్ వైపు వాళ్ళకి ఓ హెచ్చరిక: బూడిదరంగు ఫ్లై యాష్ ఇటుక వాడొద్దు. అందులో సున్నమో సిమెంటో ఉంటుంది, క్షారం ఎక్కువ. బట్టీలో కాల్చిన ఎర్ర బంకమట్టి ఇటుకే కావాలి. నీళ్ళలో వేస్తే బుడగలొచ్చి నీళ్ళు పీల్చుకోవాలి, గంట తర్వాత వేళ్ళతో నొక్కితే చితకకూడదు. చితికితే సగం కాలింది, పనికిరాదు.

దుకాణంలో మాట: మా దగ్గర మరాఠీలో వేపపిండిని నింబోళీ పేండ్ అంటారు, పశువుల ఎరువు శేణఖత్. ఒడిశా వాళ్ళు నిమ్ పిడియా అని అడగండి.

ప్రాణహిత_తీరం (సిరోంచ) · జూన్ 21, మధ్యాహ్నం 12:20

అన్నా, కుండి అడుక్కు ఒక అంగుళం కంకర ఏస్తే నీళ్ళు దిగిపోతయి గద. మా దిక్కు నర్సరోళ్ళు అందరు గట్లనే ఏస్తరు. మీరు ఆ ముచ్చటే చెప్తలేరు.

జువ్విమాను (జయపురం, కొరాపుట్ జిల్లా) · జూన్ 21, మధ్యాహ్నం 1:10

అందరూ వేస్తారు, అది తప్పే. గిన్నెలు తోమే స్పాంజి ఒకటి నీళ్ళలో ముంచి అరచేతి మీద పడుకోబెట్టండి. కారడం ఆగేదాకా ఉండి, దాన్ని నిలబెట్టండి. మళ్ళీ ధార కడుతుంది. అదే స్పాంజి, అవే నీళ్ళు, మారింది ఎత్తొక్కటే. కుండీ మట్టిలోనూ అడుగున కొంత మందం మేర నీళ్ళు రంధ్రమున్నా దిగవు, రేణువుల మధ్య పట్టుకుని వేలాడతాయి. ఆ తడిపొర మందం రేణువు సైజుని బట్టి ఉంటుంది. సన్నమట్టి అయితే ఎక్కువ, గరుకైతే తక్కువ. కంకర వేస్తే ఆ పొర కంకర పైకి ఎక్కి కూచుంటుంది, మీ వేళ్ళకి మిగిలిన ఎత్తు అంగుళం తగ్గుతుంది.

రెండున్నర అంగుళాల బొన్సాయ్ కుండీలో నర్సరీ మట్టి పోస్తే సగానికి పైగా ఎప్పుడూ బురదే. అందుకే పై నుంచి కింద దాకా ఒకే సైజు ముక్క. రంధ్రం మీద 2–3 మిల్లీమీటర్ల కళ్ళున్న ప్లాస్టిక్ జాలి చాలు. దోమతెర ముక్క పెట్టకండి, వేరు పీచుతో మూసుకుపోతుంది.

ప్రాణహిత_తీరం (సిరోంచ) · జూన్ 21, మధ్యాహ్నం 1:34

స్పాంజి చేసి చూసిన. నిజమే. కంకర బంద్.

రుషికుల్య_గాలి (ఛత్రపురం) · జూన్ 21, సాయంత్రం 4:45

ఇసుక గురించి ఒక మాట. గంజాం వాళ్ళు గోపాలపురం, ఛత్రపురం బీచి ఇసుక తెచ్చి పొయ్యకండి. ఉప్పు ఎటూ ఉంటుంది. పైగా మా తీరం ఇసుక సన్నం, ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు కలిసినది. కుండీలో అడుక్కి దిగి గట్టిపడుతుంది. రుషికుల్య నది ఇసుకైనా సముద్రానికి దూరంగా లోపలి వైపుది తీసుకోండి, నది సముద్రంలో కలిసే మొగ దగ్గరది కాదు. నాలిక మీద రెండు గింజలు వేసుకుంటే ఉప్పు తెలిసిపోతుంది.

ఇంట్లో ఉన్న కోకోపీట్ ఇటుకదీ అదే కథ. కొబ్బరిపీచు నానబెట్టడానికి చాలాచోట్ల ఉప్పునీళ్ళే వాడతారు. వాడాలనుకుంటే మూడుసార్లు మంచినీళ్ళలో నానబెట్టి పిండాలి. ఫైకస్ మిశ్రమంలో ఆరోవంతు మించకూడదు, అదీ కంపోస్టు బదులు. సక్యులెంట్‌కి అసలొద్దు. ఎండిందంటే నీళ్ళు పీల్చదు, తడిసిందంటే ఆరదు.

సముద్రం వైపు బాల్కనీ ఉన్నవాళ్ళు వారానికోసారి ఆకుల్ని మంచినీళ్ళతో కడగండి. ఆకు అంచు వెంబడి గోధుమరంగు గీత కడితే ఎరువు లోపం కాదది, ఉప్పుగాలి.

నల్లేరు (పర్లాకిమిడి) · జూన్ 21, రాత్రి 8:10

సక్యులెంట్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తాను. ఆ పువ్వులాంటిది ఎచెవేరియా. నిజం చెప్పాలంటే గంజాం తీరంలో జూన్ నెలలో దాన్ని హాల్లో బతికించడం చెయ్యి తిరిగినవాళ్ళకే కష్టం. దాని సొంతూరు మెక్సికో ఎత్తు ప్రాంతాలు. పగలెంత ఎండైనా రాత్రికి చల్లబడే చోటు. ఈ జాతి మొక్కలు ఆకు రంధ్రాలు పగలు మూసుకుని రాత్రి తెరుస్తాయి, బొగ్గుపులుసు గాలి చీకట్లో తీసుకుని దాచుకుంటాయి. రాత్రి కూడా 28 డిగ్రీలుండి గాలంతా చెమ్మైతే దానికి ఆ వ్యాపారం గిట్టదు. ఎదగడం మానేసి ముడుచుక్కూచుంటుంది. అప్పుడు రోజూ నీళ్ళు పోస్తే ఏటవుద్ది, కుళ్ళుద్ది.

ఇప్పుడు మిగిలింది దక్కించుకునే దారి ఇదొక్కటే. మెత్తబడిన ఆకులన్నీ తీసెయ్యండి. కాండాన్ని బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి. మధ్యలో గోధుమ చుక్క గానీ వలయం గానీ ఉంటే ఇంకో అర సెంటీమీటరు పైకి కొయ్యండి. శుభ్రమైన లేతాకుపచ్చ వచ్చేదాకా అలా పైకి పోతూనే ఉండాలి. ఒక్క చుక్క వదిలేసినా అక్కణ్ణించే మళ్ళీ ఎక్కుతుంది. తలకాయని ఖాళీ గ్లాసు మీద కూచోబెట్టి ఫ్యాను గాలికి 4–5 రోజులు ఆరబెట్టండి, కోసినచోట పొలుసు కట్టాలి. ఆ తర్వాత పొడి మిశ్రమం మీద ఊరికే ఆనించి ఉంచండి, పాతొద్దు. రెండు మూడు వారాలకి గులాబీరంగు వేళ్ళు దిగుతాయి. అవి అర అంగుళం అయ్యాకే మొదటి నీళ్ళు.

మిశ్రమం పది పాళ్ళలో: ఇటుక ముక్క 5, గరుకు ఇసుక 3, కాల్చిన ఊక 1, వర్మీకంపోస్టు 1. ఊక పూర్తి తెల్లబూడిద కాకుండా నల్లగా ఉన్నప్పుడే నీళ్ళు చల్లి ఆర్పినది తీసుకోవాలి. పచ్చి ఊక వద్దు, అది కుళ్ళేటప్పుడు నత్రజని లాగేసుకుంటుంది.

కొత్తకుండీ (బరంపురం) · జూన్ 21, రాత్రి 8:35

ధన్యవాదాలండి. మరి జేడ్? అది బాగానే ఉంది, కానీ కొమ్మలు బారుగా సాగి ఆకుకీ ఆకుకీ మధ్య ఎడం పెరిగింది. పోనీ ఎచెవేరియా బదులు మా ఊళ్ళో నిలబడేవి ఏవి?

నల్లేరు (పర్లాకిమిడి) · జూన్ 21, రాత్రి 9:20

ముందు ఏ జేడో చూడండి. కాండం ఎర్రగోధుమ రంగు, ఆకు సెంటీమీటరు నుంచి రెండు, గుండ్రంగా ఉంటే పోర్చులకేరియా. కాండం బొద్దుగా ఆకుపచ్చగా ఉండి ఆకు మూడు సెంటీమీటర్లు దాటితే క్రాసులా. రెంటినీ జేడ్ అనే అమ్ముతారు. మీరు చెప్పింది మొదటిది, అదృష్టం. తీరంలో వేడి రాత్రుల్ని క్రాసులా కన్నా అదే బాగా ఓర్చుకుంటుంది, బొన్సాయ్‌గానూ అదే మలుచుకోవచ్చు. ఎడం పెరగడం వెలుతురు చాలక సాగడం. సాగింది మళ్ళీ కుదించుకోదు. వెలుతురులోకి మార్చి, ప్రతి కొమ్మనీ రెండు జతల ఆకులు ఉంచి కత్తిరించండి, కణుపు దగ్గర రెండేసి చిగుళ్ళొస్తాయి. కత్తిరించిన ముక్కలు నాలుగు రోజులు ఆరబెట్టి గుచ్చితే మొక్కలే.

కొత్తవాళ్ళకి హావోర్తియా, గాస్టీరియా. ఇవి రెండూ నేరుగా ఎండ లేకపోయినా కిటికీ వెలుతురుతో నెట్టుకొస్తాయి. సాన్సివేరియాకి (స్నేక్ ప్లాంట్) తిరుగు లేదు. డబ్బు పెట్టక్కర్లేకుండా అయితే రణపాల, నల్లేరు (నా పేరు కాబట్టి కాదు), కలబంద. రణపాల ఆకు మట్టి మీద పడేస్తే అంచుల్లోంచి పిల్లలొస్తాయి, మరాఠీ వాళ్ళు పాన్‌ఫుటీ అనేది అందుకే. లిథాప్స్, సెంపర్‌వివం జోలికి మాత్రం తీరంలో వెళ్ళకండి.

ఇంట్లో పిల్లి ఉంటే క్రాసులా, ఎడీనియం, పాలజెముడు రకాలు అందేలా పెట్టకండి. పోర్చులకేరియా తిన్నా పర్లేదు.

దెగ్లూర్_డాబా (దెగ్లూర్, నాందేడ్ జిల్లా) · జూన్ 22, ఉదయం 6:50

వెలుతురు లెక్క నేను చెప్తా. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ ఒకటి వేసుకోండి. కొలత అంత కచ్చితం కాదు గాని ఇంట్లో ఈ మూల, ఆ మూల పోల్చుకోవడానికి సరిపోతుంది. బయట నడినెత్తి ఎండ లక్ష లక్స్ వరకు ఉంటుంది. కిటికీ గూట్లో, ఎండ నేరుగా పడనప్పుడు, రెండు నుంచి ఐదు వేలు. ఎనిమిది అడుగులు లోపలికి వస్తే రెండు మూడు వందలే. మన కన్ను సర్దుకుంటది కాబట్టి "బాగానే వెలుగు ఉంది" అనిపిస్తది, మొక్క అట్లా సర్దుకోదు.

ఫైకస్ ఉన్నట్టుగా నిలబడాలంటే రోజుకి 8–10 గంటలు 5,000 లక్స్. పోర్చులకేరియాకి దీనికి రెండింతలు, నాలుగు గంటల నేరు ఎండ అయితే మరీ మంచిది. మీ తూర్పు కిటికీ గూడు రెంటికీ సరిపోతుంది. టీవీ పక్క చోటు దేనికీ సరిపోదు. ప్లాస్టిక్ పువ్వులు పెట్టుకోండి అక్కడ.

కిటికీ లేనివాళ్ళకి: 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు, 6500 కె తెల్లవి, మామూలు దుకాణంలోవే. ఆకులకి 20 సెంటీమీటర్ల ఎత్తులో పక్కపక్కన బిగించి 12 గంటలు. రోజుకి అర యూనిట్ లోపు, నెలకి 15 యూనిట్లు. ఎత్తు రెండింతలు చేస్తే వెలుగు బాగా పడిపోతుంది, తక్కువ దూరమే కీలకం. ఊదారంగు గ్రో లైట్లకి ఎగబడక్కర్లేదు.

నీడలోంచి ఎండలోకి ఒక్కరోజులో మార్చకండి. మొదటి నాలుగు రోజులు అరగంట, తర్వాత గంట, అట్లా పన్నెండు రోజులకి. లేకుంటే ఆకు మీద తెల్లటి కాలిన మచ్చలు పడతయి, అవి పోవు.

కొత్తకుండీ (బరంపురం) · జూన్ 22, ఉదయం 7:30

సరే, వారానికి ఎన్నిసార్లు నీళ్ళు?

జువ్విమాను (జయపురం, కొరాపుట్ జిల్లా) · జూన్ 22, ఉదయం 7:41

ఆ ప్రశ్నే మొక్కల్ని చంపేది :) వారం కాదు, బరువు.

వంటింటి త్రాసు తీసుకోండి. నాటిన వారం తర్వాత, కుండీని నీళ్ళలో అంచు దాకా ముంచి బుడగలు ఆగేవరకు ఉంచండి. తీసి అరగంట వార్చి తూచండి. అది నిండు బరువు, కుండీ అడుగున పెన్నుతో రాసుకోండి. లీటరున్నర ఇటుక మిశ్రమం దాదాపు 400 మిల్లీలీటర్ల నీళ్ళు పట్టుకుంటుంది. ఫైకస్‌కి నిండు బరువులోంచి 200 గ్రాములు తగ్గగానే మళ్ళీ పూర్తిగా తడపండి. అంతే సైజు కుండీలో పోర్చులకేరియాకి 350 దాటి తగ్గాక, ఆ పైన ఇంకో రెండు రోజులు ఆగి. వానల్లో ఐదారు రోజులు పట్టొచ్చు, ఏప్రిల్‌లో రోజున్నరలో అయిపోవచ్చు.

త్రాసు లేకపోతే సన్నటి వెదురుపుల్ల రెండంగుళాలు గుచ్చి పది నిమిషాలుంచి తీయండి. రంగు ముదిరితే లోపల తడి ఉన్నట్టే.

పోసినప్పుడు మాత్రం పిసినారితనం వద్దు, కింద రంధ్రాల్లోంచి ధార రావాలి. రోజూ టీ గ్లాసు పద్ధతిలో పై అంగుళం తడుస్తుంది, లోపలి వేళ్ళు కొన్ని ఎండుతాయి, కొన్ని కుళ్ళుతాయి. కింద పళ్ళెంలో దిగిన నీళ్ళు పారబోయండి.

ఇటుకపొడి (బల్లార్‌పూర్) · జూన్ 22, ఉదయం 9:05

జువ్విమాను గారి లెక్క సరే, కానీ అది జయపురం, బరంపురం గాలికి. మే నెలలో మా దగ్గర 46, 47 డిగ్రీలు, గాలిలో చెమ్మ ఉండదు. ఇక్కడివాళ్ళు ఫైకస్ మిశ్రమంలో ఇటుక 2, ఇసుక 2, కంపోస్టు 2 పాళ్ళు చేసుకోండి. కుండీ ఒక సైజు లోతుగా తీసుకోండి. నల్ల ప్లాస్టిక్, ముదురు రంగు పింగాణీ ఎండలో చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. వేరు ఉడికిపోతుంది, ఆకు చెప్పేసరికి ఆలస్యం. పెద్ద మట్టికుండీలో ఇసుక పోసి బొన్సాయ్ కుండీని అందులో దింపండి.

ఇంకోటి, విదర్భలో ఇంటింటికీ కూలర్. కూలర్ గాలి ఫైకస్‌కి పండగ, సక్యులెంట్‌కి చావు. అది చల్లగా ఉంటుంది గాని తడిగాలి. కూలర్ ఎదురుగా పెట్టిన సక్యులెంట్ కుండీ ఆరదు. రెంటినీ ఒకే గదిలో పెట్టకండి.

రుషికుల్య_గాలి (ఛత్రపురం) · జూన్ 22, ఉదయం 9:20

సాయంత్రం స్ప్రే ఎవరికీ అక్కర్లేదు. పది నిమిషాల్లో ఆరిపోయే తడితో గాలిలో చెమ్మ పెరగదు. ఆకు మీద రాత్రంతా తడి నిలిస్తే బూజు మచ్చలు. బరంపురంలో జూన్ గాలికి మీరు చెమ్మ నేర్పాలా!

జువ్విమాను (జయపురం, కొరాపుట్ జిల్లా) · జూన్ 22, ఉదయం 9:48

ఇటుకపొడి గారూ, ఒప్పుకుంటున్నాను. కొరాపుట్ పీఠభూమిలో శీతాకాలం రాత్రులు పది డిగ్రీల దగ్గరకి దిగుతాయి, అక్కడ ఇంకో రకం. 12 కన్నా తగ్గితే ఫైకస్ లోపలికి, నీళ్ళు బాగా తగ్గించి, ఎరువు పూర్తిగా ఆపి. ఎచెవేరియా మాత్రం ఆ చలికి రంగు తేలి అందంగా ఉంటుంది. పర్లాకిమిడి నల్లేరు గారు వద్దన్నది జయపురంలో నడుస్తుంది, అదీ మంచు తడవని కిటికీలో.

ప్రాణహిత_తీరం (సిరోంచ) · జూన్ 22, మధ్యాహ్నం 2:15

జునిపర్ బొన్సాయ్ ఇంట్ల పెట్టొచ్చా? బొమ్మల్ల సూస్తే గదే అసలు బొన్సాయ్ లెక్క కొడ్తది.

దెగ్లూర్_డాబా (దెగ్లూర్, నాందేడ్ జిల్లా) · జూన్ 22, మధ్యాహ్నం 2:40

ఇంట్లో బతకదు. దానికి ఆరుబయట ఎండ కావాలి, చలికాలం నిద్ర కావాలి. మోసం ఏమిటంటే వేరు చచ్చిపోయాక కూడా ఆకు వారాల తరబడి పచ్చగనే ఉంటది. కొన్నోళ్ళు "నెల దాకా బాగుండె" అనేది అందుకే, అది కొన్న రోజుకే పోయి ఉండొచ్చు. మన వాతావరణానికి అసలు బొన్సాయ్‌లు మర్రి, జువ్వి, మేడి, చింత, నాగగోలుంగ (కామినీ). డాబా మీద పెంచి, చుట్టాలొచ్చినప్పుడు రెండు రోజులు హాల్లో పెట్టుకుంటే అది కూడా ఇండోర్ బొన్సాయే. మరాఠీలో వామన వృక్షం అంటరు, మంచి మాట.

గోడ సందులో మొలిచిన రావి చాలామందికి ఆశ పుట్టిస్తది. తీయడం తేలికే, కానీ దాని ఆకు చిన్నది కావడం కష్టం. జువ్వి, మర్రి ఆకు త్వరగా కుదురుతది.

నిర్వాహకులు · జూన్ 22, సాయంత్రం 6:00

గోడ మీది రావి తీయడం గురించి వేరే చర్చ తెరవండి. ఇంట్లో రావి ఉండొచ్చా లేదా అన్న వాదన ఇక్కడ వద్దు.

కొత్తకుండీ (బరంపురం) · జూన్ 23, ఉదయం 7:55

చేశాను. సగానికి పైగా వేళ్ళు నల్లవే. లావు వేరు ఒకదాంట్లో అర అంగుళం మచ్చ, చెక్కాను. ఇటుక 3, ఇసుక 2, కంపోస్టు 1. చెట్టు ఊగుతోంది, ముట్టుకుంటే పక్కకి ఒరుగుతోంది. మందు ఏమైనా పొయ్యాలా? కాండం మధ్యలో అతుకులాంటి గీత ఉంది, దాని కింద నుంచి పెద్దాకు చిగురొకటి వస్తోంది, ఉంచాలా?

జువ్విమాను (జయపురం, కొరాపుట్ జిల్లా) · జూన్ 23, ఉదయం 8:30

ఊగడం వెంటనే ఆపాలి. చెట్టు కదిలినప్పుడల్లా కొత్త పీచువేళ్ళు తెగుతాయి. కుండీ రంధ్రాల్లోంచి తీగ పైకి తెచ్చి లావు వేళ్ళ మీదుగా బిగించి మెలిపెట్టండి, తీగ కింద సైకిల్ ట్యూబు ముక్క పెడితే వేరు ఒరుసుకుపోదు. కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజుమందు) లీటరుకి 3 గ్రాములు కలిపి ఒక్కసారి వేళ్ళు తడిచేలా పొయ్యండి, మళ్ళీ వద్దు. మూడు వారాలు వెలుతురున్న నీడ. ఎరువు ఆరు వారాల దాకా లేదు. ఆ తర్వాత నీళ్ళలో కరిగే 19:19:19 ఎరువు లీటరుకి గ్రాము, పదిహేను రోజులకోసారి, చిగురు పెడుతున్నంత కాలమే. సక్యులెంట్‌కి అర గ్రాము, నెలకోసారి.

ఆ గీత అంటుకట్టిన చోటు. గింజతో పెంచిన లావు వేళ్ళ మొద్దు మీద చిన్నాకు రకం అంటుకడతారు. కింద నుంచి వచ్చేది మొద్దుది, వదిలితే బలమంతా అదే తినేస్తుంది. మామూలప్పుడైతే గిల్లెయ్యమంటాను. ఇప్పుడు చెట్టుకి ఆకుల్లేవు, రెండు నెలలు ఉంచి పైన చిగురు నిలదొక్కుకున్నాక తీసెయ్యండి.

కొత్తకుండీ (బరంపురం) · జూలై 17, ఉదయం 7:20

పైన ఆరుచోట్ల చిగుళ్ళు. నిండు బరువు 2,140 గ్రాములు, 200 తగ్గడానికి ఐదు రోజులు పడుతోంది. ఎచెవేరియాకి వేళ్ళు దిగాయి. పోర్చులకేరియా కణుపుల్లో దూదిలాంటి తెల్లటి పురుగు, చీమలు కూడా.

నల్లేరు (పర్లాకిమిడి) · జూలై 17, ఉదయం 9:00

పిండినల్లి. దూదిపుల్లని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఒక్కోదాన్నీ అద్దండి, చస్తుంది. వారానికోసారి మూడు వారాలు. గుడ్లు తర్వాత పొదుగుతాయి గనక ఒక్కసారితో ఆపితే మళ్ళీ మొదటికే. వేపనూనె లీటరుకి 5 మిల్లీ, గిన్నెల సబ్బునీళ్ళు 2 మిల్లీ కలిపి సాయంత్రం కొట్టొచ్చు, ఫైకస్‌కీ పోర్చులకేరియాకీ. ఎచెవేరియా మీద వద్దు, దాని ఆకు మీది బూడిదపూత కరిగిపోయి ఎండకి కాలుతుంది. చీమల దారి కట్టెయ్యండి, తేనెబంక కోసం పురుగుని మోసుకొచ్చేవి అవే. కుండీ లోపలి గోడకి తెల్లపొడి అంటుకుని ఉంటే వేరు పిండినల్లి కూడా ఉన్నట్టు, వేళ్ళు కడిగి మిశ్రమం పారేసి కొత్తది వెయ్యాలి.

ఫైకస్ ఆకు కిళ్ళీలా మధ్యకి మడిచినట్టు కనిపిస్తే విప్పి చూడండి, లోపల నల్లటి తామరపురుగులుంటాయి. ఆ ఆకుల్ని గిల్లి కవర్లో మూటకట్టి పారెయ్యడమే మందు.

దెగ్లూర్_డాబా (దెగ్లూర్, నాందేడ్ జిల్లా) · జూలై 17, ఉదయం 10:30

మీది బోరు నీళ్ళా, కార్పొరేషన్ నీళ్ళా? కుండీ అంచున తెల్లటి పొర కడుతున్నా, కొత్తాకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నా, నీళ్ళలో సున్నం ఎక్కువ. మా వైపు బోర్లన్నీ అంతే. ఇప్పుడు వాన పడుతోంది కదా, 20 లీటర్ల డబ్బాలు రెండు పట్టి మూతపెట్టుకోండి. ఆ పసుపుకి ఇనుము వెయ్యాల్సి వస్తే దుకాణంలో ఈడీడీహెచ్‌ఏ రకం ఇనుప ఎరువు అడగండి, ఈడీటీఏ రకం సున్నపు మట్టిలో నిలవదు.

కొత్తకుండీ (బరంపురం) · సెప్టెంబరు 20, రాత్రి 8:05

కొమ్మలు ఎనిమిదేసి ఆకులకి వచ్చాయి. తీగ చుట్టొచ్చా? ఇంకొకటి, దసరాకి పది రోజులు ఊళ్ళో ఉండం.

ఇటుకపొడి (బల్లార్‌పూర్) · సెప్టెంబరు 20, రాత్రి 8:50

తీగ కన్నా ముందు కత్తెర. ఎనిమిదాకులు రాగానే రెండుంచి కత్తిరించండి, చివరాకు ఏ దిక్కుకి ఉంటే కొత్తకొమ్మ ఆ దిక్కుకి పోతుంది. సగం మలుపులు అలాగే వస్తాయి. తీగ చుట్టాలంటే అల్యూమినియం, కొమ్మ మందంలో మూడోవంతు. బొన్సాయ్ తీగ కొననక్కర్లేదు, పాత సర్వీసు వైరు తొడుగు ఒలిస్తే 2.5 చదరపు మిల్లీమీటర్లది దాదాపు 1.8 మిల్లీ మందం, 1.5ది 1.4. ఏటవాలుగా 45 డిగ్రీల్లో, ఆనీ ఆననట్టు. ఫైకస్ త్వరగా ఉబ్బుతుంది, మూడు వారాలకోసారి చూడండి. కొమ్మ మీద తీగ ఒరుపు పడేలోపు తీగని కత్తిరించి తీయండి, విప్పబోతే కొమ్మ విరుగుతుంది. ఈ ఏడాదికి మాత్రం వద్దు, ఫిబ్రవరి దాటనివ్వండి.

జువ్విమాను (జయపురం, కొరాపుట్ జిల్లా) · సెప్టెంబరు 20, రాత్రి 9:15

పది రోజులకి: ఫైకస్‌ని బయల్దేరే రోజు నిండా ముంచి వార్చి, కిటికీకి మూడడుగులు లోపలికి జరపండి, కుండీని మాత్రమే పాలిథిన్ కవర్లో పెట్టి కాండం చుట్టూ వదులుగా కట్టండి. ఆకులు బయటే ఉండాలి. నీళ్ళ పళ్ళెంలో కూచోబెట్టి వెళ్ళకండి, జూన్‌లో చూసింది అదే. సక్యులెంట్లకి ఏమీ చెయ్యొద్దు. పక్కింటివాళ్ళకి తాళం ఇస్తే మాత్రం, కుండీల జోలికి పోవద్దని చెప్పి ఇవ్వండి.